నాయకత్వం అనే అమానతు: ఊరి నీటికి జవాబుదారులెవరు?

మన సభల్లో, సమావేశాల్లో, చివరికి జుమా నమాజు ముగిశాక మస్జిదు మెట్ల మీద చెప్పులు వేసుకుంటున్నప్పుడు కూడా తరచూ వినిపించే మాట ఒకటుంది: "మనకు సరైన నాయకత్వం లేదండీ!" ఈ మాట అనేవారు సాధారణంగా అసెంబ్లీనో పార్లమెంటునో దృష్టిలో పెట్టుకొని అంటారు. ఏ పార్టీ మనకు ఎన్ని టికెట్లిచ్చింది, ఎందరు గెలిచారు, ఎవరికి ఏ పదవి దక్కింది అని లెక్కలు తీస్తారు. ఆ లెక్కలు అనవసరమని మేము అనడం లేదు. కాని నాయకత్వం అంటే ఏమిటో దివ్య ఖుర్ఆన్‌లో, దైవప్రవక్త (స) ప్రవచనాల్లో వెదకబోతే అవి మనల్ని శాసనసభకు తీసుకెళ్ళవు. ముందుగా ఒక బావి గట్టు దగ్గరకు తీసుకెళ్ళి నిలబెడతాయి.

మీలో ప్రతి ఒక్కరూ కాపరేనని, ప్రతి కాపరినీ అతని మందను గురించి అడగడం జరుగుతుందని మహాప్రవక్త ముహమ్మద్ (స) బోధించారు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. మనం దీన్ని ఎన్నోసార్లు విన్నాం. విని, కాపరి అంటే అధికారి అనుకొని సాగిపోయాం. పల్లెలో పుట్టినవారిని అడిగి చూడండి. గొర్రెల కాపరి పొద్దున్నే లేచి తన పెత్తనం గురించి ఆలోచించడు. ఇవాళ మంద ఎక్కడ మేస్తుంది, ఎక్కడ నీళ్ళు తాగుతుంది అని ఆలోచిస్తాడు. ఏ కుంటలో నీళ్ళు చెడిపోయాయో, ఏ చేలో నిన్న సాయంత్రం పురుగుమందు కొట్టారో అతనికి తెలిసి ఉండాలి. తెలియకపోతే సాయంత్రానికి మందలో నాలుగు తగ్గుతాయి. "నాకు తెలియదు" అన్న జవాబు యజమాని దగ్గర చెల్లదు.

మద్యన్ బావి దగ్గర

అల్ ఖసస్ సూరాలోని ఆ ఘట్టాన్ని ఒకసారి గుర్తు తెచ్చుకుందాం. ప్రవక్త మూసా (అ) ఈజిప్టు నుంచి ప్రాణభయంతో బయలుదేరి మద్యన్ చేరుకున్నారు. తెలిసినవారు లేరు, తినడానికి తిండి లేదు, తల దాచుకోవడానికి చోటు లేదు. అటువంటి స్థితిలో బావి దగ్గరకు వచ్చిన మనిషి ఏం చేస్తాడు? ముందు తాను కడుపునిండా నీళ్ళు తాగుతాడు. కాని ఖుర్ఆన్ మనకు చూపించే దృశ్యం వేరు. కాపరులంతా గుంపుగా చేరి తమ పశువులకు నీళ్ళు తాపుతున్నారు. వారికి ఎడంగా ఇద్దరమ్మాయిలు తమ మేకలను ముందుకు పోనివ్వకుండా ఆపుకుంటూ నిలబడ్డారు. ఆయన చూపు ఆ గుంపు మీద కాక, ఆ ఇద్దరి మీద పడింది. సంగతేమిటని అడిగారు. కాపరులంతా వెళ్ళిపోయేదాకా తమకు నీళ్ళు తోడుకునే వీల్లేదనీ, తండ్రి బాగా ముసలివాడనీ వారు చెప్పారు. ఆయన లేచి వారి పశువులకు నీళ్ళు తాపి, వెళ్ళి నీడలో కూర్చొని ప్రభువును వేడుకున్నారు. కూలి అడగలేదు, పేరు చెప్పుకోలేదు.

గమనించండి, ఆ బావిలో నీళ్ళు లేక కాదు ఆ అమ్మాయిలు ఆగిపోయింది. నీళ్ళున్నాయి, బలమున్నవారి చేతిలో చేద ఉంది. ఈనాడు మన పట్టణాల్లో ట్యాంకరు వచ్చినప్పుడు ఎవరి బిందె ముందు నిండుతుందో, కొళాయి నీళ్ళు ఏ వీధికి రెండు గంటలు వస్తాయో, ఏ వీధికి రెండు రోజులకోసారి వస్తాయో చూసినవారికి మద్యన్ ఎంతో దూరం అనిపించదు.

తర్వాత ఆ ఇద్దరిలో ఒకామె తండ్రితో, ఈయనను పనిలో పెట్టుకోమని చెబుతూ రెండు గుణాలు చెప్పింది: బలవంతుడు, నమ్మకస్తుడు. ఇమామ్ ఇబ్నె తైమియా పరిపాలన గురించి రాసిన గ్రంథంలో పదవులు అప్పగించడానికి ఈ రెండు గుణాలనే కొలబద్దగా తీసుకున్నారు. బలం అంటే కండబలం ఒక్కటే కాదు, చేపట్టిన పనిని చేయగల సామర్థ్యం. యుద్ధంలో అది ధైర్యం, న్యాయపీఠం మీద అది శాస్త్రజ్ఞానం. ప్రవక్త యూసుఫ్ (అ) ఈజిప్టు ధాన్యాగారాలను తనకు అప్పగించమని అడిగినప్పుడు కూడా తాను కాపాడగలవాడిననీ, తెలిసినవాడిననీ రెండూ చెప్పారు. ఆయన తెలివి ఎలాంటిదంటే, కోసిన పంటను తినడానికి కావలసినంత మాత్రం తీసుకొని మిగిలింది వెన్నులతోనే ఉంచమన్నారు. ఏడేళ్ళు గింజ చెడకుండా ఉండాలంటే ఏం చేయాలో ఆయనకు తెలుసు.

మరి నమ్మకం ఒక్కటే ఉంటే చాలదా? చాలదనే చెప్పాలి. హజ్రత్ అబూజర్ (రజి) వంటి దైవభీతిపరుడు పదవి అడిగితే దైవప్రవక్త (స) ఆయన భుజం తట్టి, నీవు బలహీనుడివి, ఇది అమానతు, దీని హక్కు నెరవేర్చలేనివారికి ప్రళయదినాన అవమానం, పశ్చాత్తాపం తప్ప మిగిలేదేమీ లేదన్న భావంలో హెచ్చరించారు. ముస్లిం గ్రంథంలోని ఈ హదీసు మన మస్జిదు కమిటీల ఎన్నికల ముందు చదివి వినిపిస్తే బాగుండునని మాకు చాలాసార్లు అనిపించింది. ఎందుకలా అనిపించిందో చెప్పుకోవలసిన బాధ్యత కూడా మా మీద ఉంది.

మా చేతి పని

కొన్నేళ్ళ క్రితం మా పట్టణంలో మస్జిదు విస్తరణ జరిగింది. మేమూ ఆ కమిటీలో ఉన్నాం. చందాలు బాగా వచ్చాయి. మిహ్రాబుకు పాలరాయి వేశాం, మినారు ఎత్తు పెంచాం. నమాజీలు పెరుగుతారు గనుక వెనకవైపు ఆరు మరుగుదొడ్లు, ఉజూ కోసం పెద్ద హౌజు కట్టించాం. మినారు నమూనా కోసం హైదరాబాదు నుంచి ఇంజనీరును పిలిపించాం. మరుగుదొడ్ల గుంత మాత్రం మేస్త్రీకి వదిలేశాం. అడుగున కాంక్రీటు వేయకపోతే నీళ్ళు భూమిలోకి ఇంకిపోతాయి, గుంత తొందరగా నిండదు, ఖర్చు కలిసొస్తుంది అన్నాడు మేస్త్రీ. మాకూ బాగుందనిపించింది. ప్రహరీ గోడకు అవతల ముప్పై అడుగుల దూరం కూడా లేని చోట వీధివారంతా నీళ్ళు పట్టుకునే బోరింగు ఉందన్న సంగతి మాలో ఎవరికీ తట్టలేదు. తెలియక కాదు, రోజూ దాని పక్కనుంచే నడిచి వచ్చేవాళ్ళం.

రెండు వానాకాలాలు గడిచాయి. గోడ అవతల ఇంట్లో ఉండే ఒక పెద్దావిడ ఒకరోజు అసర్ నమాజు వేళకు గేటు దగ్గరకు వచ్చి నిలబడింది. "సాయిబు గారూ, బోరింగు నీళ్ళు వాసనొస్తున్నాయి. మీ గుంత సంగతి ఒకసారి చూపించండయ్యా" అంది. మా కార్యదర్శి మర్యాదగానే జవాబిచ్చాడు, "బోరింగు మునిసిపాలిటీది కదమ్మా, వాళ్ళకు అర్జీ పెట్టు" అని. మేము పక్కనే ఉన్నాం. ఆ జవాబు మాకు తప్పుగా తోచలేదు. ఆమె మారు మాట్లాడకుండా వెళ్ళిపోయింది.

ఆ శ్రావణంలో ఆ వీధిలో ఐదారుగురికి కామెర్లు వచ్చాయి. వారిలో మా జమాఅత్ పిల్లలు ఇద్దరున్నారు. ఆ పెద్దావిడ కూతురు తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చి ఉంది. కామెర్లలో కలుషితమైన నీటి ద్వారా సోకే రకం ఒకటుందనీ, అది గర్భిణులకు ప్రాణం మీదికి తెస్తుందనీ డాక్టర్లు చెబుతారు. ఆ సంగతి మాకు అప్పుడే తెలిసింది. అమ్మాయిని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. తల్లి బతికింది, బిడ్డ దక్కలేదు.

మా గుంత వల్లనే అలా జరిగిందని ఎవరూ నిరూపించలేదు. కాదని నిరూపించడానికి మేమూ ముందుకు రాలేదు. ఆవిడ మా గేటు దగ్గరకు మళ్ళీ రాలేదు, ఎవరినీ నిందించలేదు. ఆమె ఫిర్యాదు చేసి ఉంటే మాకు ఇంతకంటే తేలికగా ఉండేది.

అల్ బఖరా సూరాలో ఒక రకం మనిషి వర్ణన వస్తుంది. మాటలు తియ్యగా మాట్లాడతాడు, తన మనసులోని మంచికి అల్లాహ్‌నే సాక్షిగా పిలుస్తాడు. తీరా మరలిపోయి పని చేయడం మొదలుపెడితే భూమిలో కల్లోలం రేపడానికి, పంటను, సంతతిని నాశనం చేయడానికి పాటుపడతాడు. ఇక్కడ మరలిపోవడం అని చెప్పే పదానికి అధికారం చేజిక్కడం అని కూడా అర్థం చెప్పిన వ్యాఖ్యాతలున్నారు. పంట, సంతతి! అధికారం ఉన్నవాడి చెడుతనాన్ని ఖుర్ఆన్ కొలిచిన తీరు చూడండి. ఖజానా ఎంత దోచాడని అడగలేదు, మట్టికీ, పుట్టబోయే బిడ్డకూ ఏం చేశాడని అడిగింది. మేము ఈ వాక్యాలను ఎప్పుడూ క్రూరులైన రాజులకు అన్వయించి చెప్పేవాళ్ళం. ఆరు మరుగుదొడ్ల కమిటీకి కూడా అవి వర్తించవచ్చునని అంతవరకు అనుకోలేదు.

తెలిసినవారిని అడగడం

మాకు దారి చూపినవారు ఆలిములు కారు. మస్జిదుకు ఎదురు సందులో అద్దెకుండే కాలేజీ కెమిస్ట్రీ లెక్చరరు గారు ఒకరు. ముస్లిమేతర సోదరులు. ఆయనే ఒక చిన్న సీసా తెచ్చారు. లోపల మందు పూసిన కాగితం ముక్క ఉంటుంది. గుర్తున్న గీత దాకా నీళ్ళు పోసి మూత పెట్టి ఒకటి రెండు రోజులు గది వెచ్చదనంలో వదిలేయాలి. నీళ్ళు నల్లబడితే అందులో మలం ద్వారా చేరే సూక్ష్మజీవులు ఉన్నాయని అనుమానించాలి, తాగకూడదు. ఈ పరీక్ష ఖరీదైంది కాదు. పల్లె ప్రాంతాల నీటి సరఫరా సిబ్బంది కూడా వాడుతుంటారు. బోరింగు నీళ్ళు, మా హౌజు నీళ్ళు వేరు వేరు సీసాల్లో పట్టి ఇమామ్ సాహెబ్ గది కిటికీలో పెట్టాం. మర్నాడు ఫజ్ర్ నమాజుకు వెళ్ళేసరికి బోరింగు సీసా సిరా బుడ్డిలా ఉంది.

కమిటీలో ఒక పెద్దమనిషి, "దీన్ విషయాల్లో బయటివారి సలహా ఎందుకు?" అన్నారు. ఇది దీన్ విషయమే, కాని నీళ్ళు ఏ దారిన ప్రవహిస్తాయన్నది అందులో తెలిసినవాడు చెప్పవలసిన విషయం. మదీనాలో ఖర్జూర చెట్లకు పుప్పొడి అంటించేవారిని చూసి దైవప్రవక్త (స) దాని వల్ల ప్రయోజనం ఉంటుందనుకోవడం లేదన్నట్లు మాట్లాడారు. వారు మానేశారు. ఆ ఏడు కాపు తగ్గింది. అప్పుడాయన, మీ ప్రాపంచిక వ్యవహారాలు మీకే బాగా తెలుసునని స్పష్టం చేశారు. దైవవాణి అందుకుంటున్న మహనీయుడే తోటమాలి అనుభవానికి చోటిస్తే, మేస్త్రీ మాట తప్ప ఎవరి మాటా అడగని మన కమిటీల మాటేమిటి?

హిజ్రీ 18 ప్రాంతంలో హజ్రత్ ఉమర్ (రజి) సిరియా వైపు ప్రయాణమై వెళ్తూ సర్గ్ అనే చోట ఆగారు. ముందున్న ప్రాంతంలో ప్లేగు వ్యాపించిందని సేనానులు ఎదురొచ్చి చెప్పారు. ఖలీఫా తానొక్కరే నిర్ణయం తీసుకోలేదు. తొలి ముహాజిర్లను పిలిచి అడిగారు, వారిలో భిన్నాభిప్రాయాలు వచ్చాయి. అన్సార్లను పిలిచారు, వారిలోనూ అదే పరిస్థితి. చివరికి ఖురైష్ పెద్దలను అడిగితే వారు ఏకగ్రీవంగా వెనక్కి వెళ్దామన్నారు. వెనక్కి మళ్ళమని ప్రకటించగానే హజ్రత్ అబూ ఉబైదా (రజి) అంతటివారు, అల్లాహ్ విధి నుంచి పారిపోతున్నారా అని అడిగారు. అల్లాహ్ విధి నుంచి అల్లాహ్ విధి వైపుకే వెళ్తున్నామని ఉమర్ (రజి) జవాబిచ్చారు. ఆ వెంటనే ఆయన ఇచ్చిన ఉదాహరణ చూడండి. ఒంటెలను తోలుకొని లోయలో దిగావు, ఒక పక్క పచ్చిక ఉంది, ఒక పక్క బీడు. ఎటు మేపినా అల్లాహ్ విధి ప్రకారమే కదా మేపుతావు అన్నారు. మళ్ళీ కాపరి ఉదాహరణే! అంతలో పని మీద బయటికి వెళ్ళి వచ్చిన హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి), అంటువ్యాధి ఉన్న ఊరికి వెళ్ళకండి, మీరున్న ఊళ్ళో వస్తే అక్కడి నుంచి పారిపోకండి అన్న దైవప్రవక్త (స) ఆదేశాన్ని వినిపించారు. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు మస్జిదులు ఎందుకు మూయాలని వాదనలు జరిగిన రోజుల్లో ఈ సంఘటనే మనలో చాలామందిని సరైన దారిన పెట్టింది.

హైదరాబాదు చరిత్రలోనూ ఇటువంటి పాఠం ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరాన్ని ముంచేసింది. సుమారు 15,000 మంది చనిపోయారని అంచనా. మర్నాటి ఏడాదే నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన మతమేమిటి, ఏ సంస్థానం వాడు అన్న ప్రశ్న రాలేదు. నదుల సంగతి ఆయనకు తెలుసా లేదా అన్నదే లెక్క. నగరానికి ఎగువన జలాశయాలు కట్టి వరదను ఆపాలన్న ఆయన సలహా మేరకు 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. ముంచిన నీళ్ళే తాగునీళ్ళయ్యాయి. ఆ రెండు చెరువుల చుట్టూ పది కిలోమీటర్ల లోపల కాలుష్య పరిశ్రమలు పెట్టరాదన్న నిబంధన నుంచి ఒక రసాయన కర్మాగారానికి ప్రభుత్వం ఇచ్చిన మినహాయింపును 2000 డిసెంబరులో సుప్రీంకోర్టు చెల్లదంది. అదే వ్యాజ్యంలో 1999లో తొలి తీర్పునిస్తూ, ఇటువంటి విషయాల్లో న్యాయమూర్తులకు శాస్త్ర నిపుణుల సలహా అవసరమని కూడా ఒప్పుకుంది. అంత పెద్ద న్యాయస్థానం నాకు తెలియదు, తెలిసినవారు చెప్పాలి అన్నది. అలా ఒప్పుకోవడంలో దాని గౌరవం తగ్గలేదు.

ఓడ అడుగున ఉన్నవారు

హజ్రత్ నూమాన్ బిన్ బషీర్ (రజి) ఉల్లేఖించిన ఓడ ఉపమానం మనకందరికీ తెలుసు. ఓడ ఎక్కినవారు చీట్లు వేసుకున్నారు. కొందరికి పై అంతస్తు, కొందరికి కింది అంతస్తు వచ్చింది. కిందివారు నీళ్ళు కావలసినప్పుడల్లా పైవారిని దాటుకొని వెళ్ళాలి. వారికి ఇబ్బంది కలిగించడం ఎందుకు, మన భాగంలోనే ఒక రంధ్రం చేసుకుందామనుకున్నారు. పైవారు వారి చేయి పట్టి ఆపితే అందరూ బతుకుతారు, వదిలేస్తే అందరూ మునుగుతారు. బుఖారీలో ఉన్న ఈ ఉపమానాన్ని సాధారణంగా కిందివారి అవివేకానికి దృష్టాంతంగా చెబుతారు. మాకు మాత్రం ఇందులో మరొక సంగతి కనిపిస్తుంది. కిందివారి ఉద్దేశం చెడ్డది కాదు, పైవారిని బాధపెట్టకూడదనే అనుకున్నారు. వారు పైకెక్కిన ప్రతిసారీ పైవారి ముఖంలో చిరాకు చూసి ఉంటారనుకోవడం అన్యాయం కాదేమో. ఒక తాడు, ఒక చేద పైనుంచి కిందికి వేలాడదీసి ఉంటే గొడ్డలి ఎత్తే అవసరమే వచ్చేది కాదు. హదీసులో ఈ మాట లేదు, ఇది మా ఆలోచన మాత్రమే.

2009 మేలో హైదరాబాదు భోలక్‌పూర్‌లో తాగునీటి గొట్టాల్లో మురుగు కలిసింది. వందలాది మంది వాంతులు, విరేచనాలతో ఆసుపత్రుల పాలయ్యారు. పలువురు చనిపోయారు. ఎక్కువగా మన సముదాయం వారే ఉండే బస్తీ అది. తోళ్ళ వ్యాపారం, పాత ఇనుము, ప్లాస్టిక్ వ్యాపారం అక్కడి బతుకుతెరువు. గొట్టాలు పాతబడ్డాయన్నది నిజం, అధికారుల అలసత్వం మీద కోపం రావడమూ న్యాయమే. కాని తోళ్ళు కడిగిన ఉప్పునీళ్ళు, వ్యర్థాలు ఏ కాలువలోకి పోతున్నాయని అంతకు ముందు అటువంటి బస్తీల మస్జిదుల్లో ఎన్ని జుమా ప్రసంగాల్లో అడిగాం? వ్యాపారమూ మనవారిదే, కొళాయి కింద బిందె పెట్టే ఇల్లూ మనవారిదే. ఓడ పై అంతస్తూ, కింది అంతస్తూ మనమే అయినప్పుడు చేయి పట్టి ఆపవలసింది మొదట ఎవరు? కూలి పోతుందన్న భయంతో కాలువలోకి వదిలేవాడిని తిట్టి ఊరుకోవడం చేయి పట్టడం కాదు. అతనికి వేరే దారి చూపించాలి. అందరూ కలిసి ఒక శుద్ధి తొట్టి కట్టుకోవడమో, ప్రభుత్వం మీద ఒత్తిడి తెచ్చి కట్టించుకోవడమో చేయాలి. అది ఒక్కరి వల్ల కాదు. అందుకే జమాఅత్ అన్నది ఉంది.

నిలిచి ఉన్న నీటిలో మూత్రం పోయవద్దని, నీళ్ళ రేవుల్లో, బాటల మీద, నీడ పట్టున మలవిసర్జన చేసి జనం శాపాలకు గురికావద్దని దైవప్రవక్త (స) వారించారు. దారిలోని హానికరమైన వస్తువును తొలగించడం విశ్వాసంలో ఒక శాఖ అన్నారు. బావికి చుట్టూ కొంత స్థలాన్ని ఎవరూ ఆక్రమించకుండా, పాడుచేయకుండా వదలాలని ధర్మశాస్త్రవేత్తలు 'హరీమ్' అనే నియమం ఏర్పరిచారు. నలభై మూరలు వదలాలన్న ఉల్లేఖనం కూడా ఒకటుంది. మా గుంతకూ బోరింగుకూ మధ్య దూరం కొలిస్తే అందులో సగం కూడా లేదు. నలభై మూరలే శాస్త్రీయమైన కొలత అని మేము అనడం లేదు, నేలను బట్టి అది మారుతుందని లెక్చరరు గారు చెప్పారు. కాని ఆ నియమం ఉందని తెలిసి ఉంటే, కనీసం కొలత టేపు పట్టుకొని ఒకసారి గోడ అవతలికి వెళ్ళి ఉండేవాళ్ళం.

ఎవరి చేద?

మదీనాలో మంచినీళ్ళకు ఇబ్బందిగా ఉన్న రోజుల్లో రూమా బావి నీటిని దాని యజమాని అమ్ముకునేవాడు. ఎవరు దాన్ని కొని ప్రజలకు వదిలితే వారికి స్వర్గంలో అంతకన్నా మేలైంది లభిస్తుందని దైవప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు. హజ్రత్ ఉస్మాన్ (రజి) సొంత డబ్బుతో కొన్నారు. అయితే అందులో ఒక నియమం ఉంది. కొన్న తర్వాత ఆయన చేద కూడా మిగతా అందరి చేదల్లో ఒకటిగానే ఉండాలి. ఈ నియమం మనం ఎంత తరచుగా మరచిపోతామో! బోరు వేయించి పేరు చెక్కించిన పలకలు మన ఊళ్ళలో బోలెడు కనిపిస్తాయి. పలక మెరుస్తుంటుంది, మోటారు కాలిపోయి ఆర్నెల్లయి ఉంటుంది. సదఖయె జారియా అంటే జారీగా ఉండేది, ఆగకుండా ప్రవహించేది అని కదా అర్థం!

నాయకుడని మనం ఎవరిని గుర్తించాలన్న ప్రశ్నకు మస్జిదె నబవీలో చెత్త ఊడ్చిన ఒక స్త్రీ కథలో కూడా జవాబుంది. ఆమె ఒక రాత్రి చనిపోతే, దైవప్రవక్త (స)ను నిద్రలేపడమెందుకని సహచరులు ఖననం చేసేశారు. ఆమె కనబడకపోవడం గమనించి ఆయన అడిగారు. తనకెందుకు చెప్పలేదని మందలించి, సమాధి ఎక్కడో చూపించమని వెళ్ళి జనాజా నమాజు చేశారు. ఊడ్చే మనిషి ఒక రోజు కనబడకపోతే గుర్తించేవాడు నాయకుడు. మన వీధి మురుగు కాలువ తీసే మనిషి పేరు మనలో ఎంతమందికి తెలుసు? సెప్టిక్ ట్యాంకుల్లోకి మనుషులను దింపకూడదని 2013లో చట్టం వచ్చింది. అయినా విషవాయువులకు ఊపిరాడక చనిపోయినవారి వార్తలు ఆ తర్వాత కూడా వస్తూనే ఉన్నాయి. మా గుంత ఖాళీ చేయించినప్పుడు యంత్రం బండి దొరకడానికి పది రోజులు పడుతుందన్నారు. ఒక సభ్యుడు ఇద్దరు కూలీలను దింపితే ఒక్క పూటలో అయిపోతుందన్నాడు. ఇమామ్ సాహెబ్ ఒప్పుకోలేదు. ఆ పది రోజులూ మరుగుదొడ్లకు తాళం వేసి, ఇంట్లోనే ఉజూ చేసుకొని రమ్మని మైకులో చెప్పించారు. మా కమిటీ మొత్తంలో ఆ రోజు నాయకత్వం వహించింది ఆయనొక్కరే అని ఒప్పుకోవాలి.

మరో చిన్న విషయం. దైవప్రవక్త (స) ఒక ముద్దు నీటితో ఉజూ, ఒక సా నుంచి ఐదు ముద్దుల నీటితో గుసుల్ చేసేవారని హజ్రత్ అనస్ (రజి) తెలిపారు. ముద్దు అంటే రెండు అరచేతులు కలిపి దోసిలి పట్టినంత, లీటరు కంటే తక్కువే. పారే నది ఒడ్డున కూడా వృథా చేయవద్దన్న ఉల్లేఖనం పరంపరలో బలహీనత ఉందని కొందరు హదీసు విద్వాంసులు అన్నారు గాని, అనస్ (రజి) హదీసు బుఖారీలోనిదే. మేము ఒక జుహర్ వేళ హౌజు కొళాయి దగ్గర లీటరు సీసా పెట్టి చూశాం. ఒక నమాజీ ఉజూ ముగిసేలోపు ఏడు సార్లు నిండింది. ఆ నమాజీ వేరెవరో కాదు, ఈ పంక్తులు రాస్తున్న మేమే. ఆ నీళ్ళన్నీ అదే గుంతలోకి పోతున్నాయి. గుంత పొంగడానికి కారణం సగం అదేనని తర్వాత తెలిసింది.

పాత గుంత పూడ్చేశాం. మునిసిపల్ ఇంజనీరు గీసిచ్చిన ప్లాను ప్రకారం మస్జిదు ముందువైపు, బోరింగుకు దూరంగా, అడుగూ గోడలూ కాంక్రీటు వేసి కొత్త ట్యాంకు కట్టాం. ఉజూ నీళ్ళు అందులోకి పోకుండా వేరే గొట్టం వేసి వెనక నాటిన కొబ్బరి, వేప మొక్కలకు మళ్ళించాం. మినారుకు రంగు వేయడానికి ఉంచిన డబ్బు అందులో ఖర్చయింది, అందుకు కొందరు అలిగారు. పని మొదలుపెట్టే ముందు మేము, కార్యదర్శి కలిసి ఆ పెద్దావిడ ఇంటికి వెళ్ళాం. ఏం మాట్లాడాలో తెలియలేదు. క్షమించమని అడిగాం. ఆమె కూర్చోమని మంచం వాల్చింది, మంచినీళ్ళు ఇవ్వబోయి చేతిలో గ్లాసు చూసుకొని ఆగింది. "ఇవి క్యాన్ నీళ్ళేలెండి, తాగండి" అంది. నెలకు ఎంతవుతోందమ్మా నీళ్ళకు అని అడిగితే ఆమె చెప్పిన అంకె, మా కమిటీ నెలకు పూల కుండీలకు పెడుతున్న ఖర్చుకు సరిగ్గా సమానంగా ఉంది.

వచ్చిన నెల నుంచి ప్రతి నెలా మొదటి జుమాకు ముందు బోరింగు నీళ్ళు సీసాలో పట్టి, ఎవరైనా చూడగలిగేలా గేటు పక్కన అలమరలో పెడుతున్నాం. మొదటి మూడు నెలలు నల్లబడింది. భూమిలోకి ఇంకిన మాలిన్యం ఒక్కరోజులో పోదని లెక్చరరు గారు ముందే చెప్పారు. నాలుగో నెల తేలింది, అందరం సంతోషించాం. గత నెల మళ్ళీ మసకబారింది. పాత మునిసిపల్ గొట్టం ఎక్కడో పగిలి మురుగు కాలువ నీళ్ళు ఊరుతున్నాయని అనుమానం. అది మా గుంత కాదు గనుక మా బాధ్యత కాదనే మాట ఈసారి కమిటీలో ఎవరూ అనలేదు. మునిసిపాలిటీవారు మనిషిని పంపుతామన్నారు. ఎక్కడ పగిలిందో వెదకడానికి ఆదివారం ఫజ్ర్ తర్వాత వీధి కుర్రాళ్ళు, మన కుర్రాళ్ళు కలిసి తవ్వడానికి ఒప్పుకున్నారు. గునపాలు నాలుగే ఉన్నాయి, ఇంకో రెండు కావాలి.